ఎవరూ ముట్టని మొదటి వరసలు

మీరు లెక్కలు చేసే తీరు చూస్తే నాకు ముచ్చటా వేస్తుంది, ఒళ్ళూ మండుతుంది. మేం రోజుల తరబడి కాగితాలు ఖరాబు చేసి రాబట్టిన సమీకరణాన్ని మీరు ఒక్క మీట నొక్కి తెర మీదికి రప్పిస్తారు. అందుకు ముచ్చట. వచ్చిన జవాబును ఒక్కసారైనా అనుమానంగా చూడరు. అందుకు మంట. ఇదేం ముసల్ది, నోరు తెరవడమే తిట్లతో తెరిచిందని అనుకుంటున్నారేమో. కోపం నాకు పుట్టుకతో ఉంది, కడపలో గణితం పాఠాలు చెప్పీ చెప్పీ ముదిరింది. రిటైరయ్యాక కొన్నాళ్ళు ఇంట్లోవాళ్ళ మీద తీర్చుకున్నాను. వాళ్ళిప్పుడు నేను గదిలోకి రాగానే ఏదో పనున్నట్టు లేచిపోతున్నారు. కాబట్టి ఈసారి మీరు దొరికారు.

అయితే చెప్పబోయేది తిట్టడానికి పనికొచ్చే కథ కాదు. మా డిపార్ట్‌మెంటులో జరిగిన ఒక పీహెచ్‌డీ వైవా, అంటే నోటి పరీక్ష, సంగతి. అందులో ఒక తప్పు దొర్లింది. ఆ తప్పులో చెయ్యి ఉన్నవాళ్ళందరూ మంచివాళ్ళే. ఎవరి మీద అరవాలో తెలియక నేను ఇబ్బంది పడిన సందర్భం నా ఉద్యోగంలో అదొక్కటే.

మా హెడ్డుగారిది అవకలన బీజగణితం. పేరు విని పారిపోకండి. బడిలో రెండు సమీకరణాలిచ్చి ఎక్స్‌ను తీసేసి వై కనుక్కోమంటారు కదా, అదే పని. కాకపోతే ఇక్కడి ఎక్స్, వై ఊరికే కూర్చోవు, కాలంతో మారుతుంటాయి. వాటితో పాటు అవి మారే వేగాలు, అంటే డెరివేటివ్‌లు కూడా సమీకరణాల్లో ఉంటాయి. మనం కొలవలేని వాటిని ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ పోయి, కొలవగలిగినవి మాత్రమే మిగిలిన సమీకరణం దగ్గర ఆగాలి. చిన్న లెక్కయితే చేత్తో చేయొచ్చు. కొంచెం పెద్దదైతే ఒక్కో సమీకరణం పేజీలు పేజీలు నిండుతుంది. అందుకే కంప్యూటరు. అంకెలు లేకుండా అక్షరాలతోనే లెక్క చేసే ప్రోగ్రాములున్నాయని మీకు నేను చెప్పక్కర్లేదు.

హెడ్డుగారు వయసులో ఉన్నప్పుడు ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కిల్న్ అనే పెద్ద కొలిమి మీద పని చేశారు. సున్నపురాయి పొడి ఒక వైపు నుంచి పోతుంది, లోపల కాలుతుంది, ఇంకో వైపు నుంచి క్లింకరు, అంటే పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డలు, వస్తుంది. లోపల ఏం జరుగుతోందో తొంగి చూడలేం, బయటికి వచ్చేదాన్ని బట్టి లెక్క కట్టాలి. దానికోసం ఆయన ఒక ఫైలు రాసుకున్నారు. ఆ ఫైలు మొదటి వరసల్లో, ఏయే రాశులు కాలంతో మారతాయో ప్రోగ్రాముకు చెప్పి ఉంటుంది. మారుతుందని చెప్పనిదాన్ని ప్రోగ్రాము స్థిరంగా ఉండేదాని కిందే లెక్క వేస్తుంది. అది దాని స్వభావం.

ఎవరు కొత్తగా రీసెర్చికి చేరినా హెడ్డుగారు ఆ ఫైలును పెన్‌డ్రైవులో వేసి స్వయంగా చేతికిచ్చేవారు. "మొదటి వరసలు ముట్టుకోవద్దు నాయనా. దాని కింది నుంచి మీ సమీకరణాలు రాసుకోండి" అనేవారు. మంత్రోపదేశం చేస్తున్నట్టుండేది ఆ మొహం. పిల్లలు కూడా అంతే భక్తిగా అందుకునేవాళ్ళు. ఆయుధ పూజనాడు ల్యాబులో కంప్యూటర్లకు కుంకుమ పెడుతూ ఆ పెన్‌డ్రైవుకూ ఒక బొట్టు పెట్టేవాళ్ళు. నేను నవ్వితే వాళ్ళకు నా మీద కోపం. ఎప్పుడో ఒకతను ఆ వరసల్లో చెయ్యి పెట్టి, లెక్కంతా పాడు చేసుకుని, మళ్ళీ ఆయన దగ్గరికి పరిగెత్తాడట. అప్పటి నుంచి భక్తికి భయం తోడైంది.

ఆ అమ్మాయి మా దగ్గర చేరింది ఈ భయభక్తుల మధ్యలోనే. అమ్మాయి అంటున్నానుగానీ అప్పటికే పెళ్ళయి, బడికి పోయే కూతురుంది. నందికొట్కూరు దగ్గర పల్లె. నందికొట్కూరులోనే ఒక కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పేది. ప్రతి ఎండాకాలం సెలవుల్లో, తిరిగి పిలుస్తారో లేదోనని ఫోను చేతిలో పట్టుకుని కూర్చునే ఉద్యోగం. వీలైనప్పుడల్లా బస్సెక్కి కడపకు వచ్చి రీసెర్చి చేసుకునేది. ఆమెకు గైడు హెడ్డుగారే, నేను కాదు. కానీ నా బల్ల పక్కన కిటికీ దగ్గర ఒక ఖాళీ బల్ల ఉండేది, అక్కడ చేరింది. సారుకు చెప్పుకోలేనివన్నీ నాకు చెప్పుకునేది.

నవ్వినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. మొదట్లో సిగ్గనుకున్నాను. తర్వాత ఒకరోజు తనే చెప్పింది. వాళ్ళ ఊరి బోరు నీళ్ళల్లో ఫ్లోరైడు. చిన్నప్పటి నుంచి అవే తాగింది కాబట్టి పళ్ళ మీద గోధుమ రంగు చారలు పడ్డాయి.

"నాదేముందిలే మేడం, పళ్ళే కదా. మా యమ్మను చూడాల మీరు. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల. మోచేతులు సాపుగా రావు. ఎముకల్లోకి పోయిందంట" అంది.

ఆమె పరిశోధన అందులోంచే పుట్టింది. నీళ్ళతో పాటు ఫ్లోరైడు ఒంట్లోకి పోతుంది. కొంత మూత్రంలో బయటికి పోతుంది, కొంత ఎముకల్లో చేరుతుంది. ఎముకను కోసి చూడలేం కదా. తాగే నీళ్ళను కొలవొచ్చు, రక్తాన్ని పరీక్షించవచ్చు. ఆ రెండింటితోనే, ఎముక ఎంత వేగంగా ఫ్లోరైడును పట్టుకుంటోందో చెప్పగలమా? ఇదీ ప్రశ్న. సారు కిల్న్ లెక్కకూ దీనికీ పోలిక కనబడింది. లోపలికి పోయేది తెలుసు, బయటికి వచ్చేది తెలుసు, లోపలిది తెలియదు. హెడ్డుగారు మురిసిపోయి పెన్‌డ్రైవు చేతిలో పెట్టారు.

ఆమె ఏళ్ళ తరబడి చేసిన లెక్కలన్నీ చివరికి ఒకే మాట చెప్పాయి. రక్తం ఎన్నిసార్లు తీసి చూసినా ఎముక పట్టుకునే వేగాన్ని విడదీసి చెప్పడం సాధ్యం కాదు. తెలియని స్థిరాంకాలు ఎక్కువ, వాటిని పట్టుకోవడానికి దొరికిన సంబంధాలు తక్కువ. పరీక్షకులు ఆమె థీసిస్ పుస్తకం చదివి, చక్కగా నిరూపించిందని మెచ్చుకుంటూ రాశారు. మెచ్చుకోలు చదివిన రోజు కూడా ఆ పిల్ల మొహం కళకళలాడలేదు.

"కాదని తేల్చడం కూడా గణితమేనమ్మా" అని హెడ్డుగారు ఓదార్చారు.

"మా యమ్మకు ఏమని చెప్పేది సార్? ఇన్నేండ్లు చదివి, తెలీదని తెల్సుకున్నా అని చెప్పాల్నా?" అంది. ఆయన నవ్వేశారు గానీ నాకు మనసు చివుక్కుమంది.

వైవా ఎండాకాలంలో పడింది. ఆమెకు అది అక్కరకు వచ్చిన సమయం. కర్నూలులో ఒక పెద్ద కాలేజీలో గణితం పోస్టు పడింది. పర్మనెంటు ఉద్యోగం. డాక్టరేటు చేతిలో ఉన్నవాళ్ళనే ఇంటర్వ్యూకు పిలుస్తారు. వైవా గట్టెక్కితే ఆ కాగితం పట్టుకుని పోవచ్చు. లేకపోతే మళ్ళీ ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలియాలి. మళ్ళీ పడేనాటికి వయసు దాటిపోతుందని ఆమె భయం. ఇంట్లో అందరూ ఆ పోస్టు మీదే ఆశ పెట్టుకున్నారు.

వైవా వారంలో నేను పరీక్షకుడి వేషం కట్టి ఆమెను ప్రశ్నలు అడుగుతూ తయారు చేస్తున్నాను. మధ్యాహ్నం. కడప ఎండ సంగతి మీకు తెలుసు. ఫ్యాను తిరుగుతూ వేడిగాలిని మొహం మీదికి కొడుతోంది. నేను సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగి, మూత పెట్టి, ఆ చిరాకులోనే అడిగాను.

"పిల్లా, నీ లెక్కలో మనిషి ఎండాకాలం, వానాకాలం ఒకే తీరుగా నీళ్ళు తాగుతాడా?"

"లేదు మేడం. తాగే నీళ్ళతో పోయేదాన్ని యూ అని పెట్టినా కదా. అది కాలంతో మారుతాది."

"మారితే దాని డెరివేటివ్ యాడుండాది? నీ చివరి సమీకరణంలో రక్తం డెరివేటివ్ ఉండాది, దాని మీద ఇంకో డెరివేటివ్ ఉండాది. యూ ఒక్కటే ఒంటరిగా ఉండాదే?"

"క్యాన్సిల్ అయిపోయుంటాది మేడం."

"దేంతో?"

నేను ఆమెను ఇరుకున పెట్టాలని అడగలేదు, ఒట్టు. నాకూ తెలియదు. పరీక్షకుడు అడగొచ్చు కదా అని అడిగానంతే. ఆమె ల్యాప్‌టాపు తెరిచింది. లెక్కలన్నీ పక్కన పెట్టి, ఖాళీ చోట యూకు డెరివేటివ్ ఎంతో చెప్పమని ప్రోగ్రామును అడిగింది.

సున్నా అని వచ్చింది.

మళ్ళీ అడిగింది. మళ్ళీ సున్నా. ఆమె ఫైలును పైకి జరిపి, ఇన్నేళ్ళుగా ముట్టని ఆ మొదటి వరసల దగ్గర ఆగింది. కాలంతో మారేవాటి వరసలో యూ లేదు. ఎందుకుంటుంది? కిల్న్‌లోకి రాతిపొడి ఎప్పుడూ ఒకే వేగంతో పోయేలా ఫ్యాక్టరీ వాళ్ళే బిగించి పెడతారు. సారు తన లెక్కకు సరిగ్గానే రాసుకున్నారు. ఆ వరసలనూ, అందులోని అక్షరాలనూ అలాగే దించుకుని ఈ అమ్మాయి మనుషుల లెక్క చేసింది. కాబట్టి ప్రోగ్రాము దృష్టిలో రాయలసీమ మనిషి మే నెలలోనూ డిసెంబరులోనూ చుక్క తేడా లేకుండా ఒకే కొలతగా నీళ్ళు తాగుతున్నాడు. యూ డెరివేటివ్ వచ్చిన ప్రతిచోటా సున్నా పెట్టి, చప్పుడు చేయకుండా చెరిపేసుకుంటూ పోయింది. తప్పని ఎర్రక్షరాలేమీ రాలేదు. వచ్చిన సమీకరణం పొట్టిగా, ముద్దుగా ఉంది. అందరం మెచ్చుకున్నాం.

"మేడం" అంది. "ఈ వరస మార్చాల్నా?"

"మార్చకపోతే ఎట్ల తెలుస్తాది? మార్చు" అన్నాను.

ఆమె యూను ఆ వరసలో చేర్చి లెక్కను మొదటి నుంచి నడిపించింది. పాత ల్యాప్‌టాపు, మూలుగుతూ చేసింది. మేమిద్దరం తెరనే చూస్తూ కూర్చున్నాం. చివరి సమీకరణం వచ్చేసరికి అందులో యూ డెరివేటివ్‌లు ఉన్నాయి. వాటి ముందున్న గుణకాలు కొత్త సంబంధాలు. మునుపు తెలియని స్థిరాంకాలకు సంబంధాలు చాలలేదు. ఇప్పుడు సరిపోయాయి. ఆమె కాగితం మీద ఒక్కొక్కటే విడదీసింది. ఎముక పట్టుకునే వేగం విడిగా, శుభ్రంగా, మిగతావాటితో ముడి లేకుండా బయటికి వచ్చింది. తాగే నీళ్ళు కాలాన్ని బట్టి మారుతాయి కాబట్టే లోపలి సంగతి బయటపడుతుంది. ఎండాకాలం కొన్నిసార్లూ చలికాలం కొన్నిసార్లూ రక్తం చూసి, తాగే నీళ్ళు కొలిస్తే చాలు, తెలుసుకోవచ్చు.

"తెలుస్తాది మేడం! తెలుస్తాది!" అని ఆ పిల్ల పెద్దగా నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయింది. మరుక్షణంలో వైవా గుర్తొచ్చింది. సాధ్యం కాదని నిరూపించిన పుస్తకం అచ్చయి, అట్ట వేసుకుని, ఆఫీసులో కూర్చుని ఉంది. బల్ల మీద తల ఆనించి ఏడ్చింది. జీవితంలో అంత మంచి ఫలితం రావడమూ, రాకూడని వేళకు రావడమూ ఒకే గంటలో జరిగాయి. నేను ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నాకూ ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఇద్దరం కలిసి హెడ్డుగారి గదికి పోయాం. ఆయన విషయం పూర్తిగా వినకముందే, "మొదటి వరసలు ముట్టుకోవద్దన్నా కదమ్మా!" అన్నారు. అలవాటు. ఆమె తెర ఆయన వైపు తిప్పింది. ఆయన చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆ మొహం చూస్తే నాకు జాలేసింది. ఎన్నో ఏళ్ళు ఎందరికో ప్రేమగా పంచిపెట్టింది ఇట్లా ఎదురు తిరిగితే ఎవరికైనా ఎట్లా ఉంటుంది?

చివరికి, "వైవా కానీయమ్మా" అన్నారు. "పరీక్షకులందరూ ఒప్పుకున్నారు. ఆ రోజు ఎవరూ ఇంత లోతుకు పోరు. ముందు డిగ్రీ తీసుకో, ఉద్యోగంలో చేరు. తర్వాత తీరిగ్గా మనమే సవరణ రాసి అచ్చేయిద్దాం. నీ బతుకు ముఖ్యం."

ఆయన తన పరువు కోసం ఆ మాట అన్నారని మీరు అనుకుంటే పొరపాటు. ఆ అమ్మాయి బస్సుల్లో నిలబడి కడపకు వచ్చిన రోజులన్నీ ఆయన చూశారు. మధ్యాహ్నం తన క్యారియరులోంచి సగం అన్నం పెట్టిన రోజులూ ఉన్నాయి. ఆ పోస్టు ఆమెకు రావాలని ఆయనకు ఆమెకంటే ఎక్కువ ఆశ.

బయటికి వచ్చాక, "మీరేమంటారు మేడం?" అని అడిగింది.

నేను ప్రతిదానికీ ఏదో ఒకటి అనే మనిషిని. ఆ రోజు మాత్రం ఉన్నదే చెప్పాను. "నీ చోట నేనుంటే ఏం చేసేదాన్నో నాకే తెల్దు పిల్లా. అబద్ధం ఏంటికి చెప్పాల? నువ్వు ఏం చేసినా నేను ముందు వరసలో కూర్చుని ఉంటా, అదొక్కటి మాత్రం నిజం" అన్నాను.

వైవా రోజు పొద్దున్నే నందికొట్కూరు నుంచి జీపు వచ్చింది. భర్త, అత్తామామలు, వాళ్ళమ్మ, కూతురు, మిఠాయి పెట్టెలు, శాలువాలు, పూలదండ. కాలేజీ గేటుకు భర్త పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అందులో ఆ అమ్మాయి నిలువెత్తు బొమ్మ, పేరు ముందు అప్పుడే "డాక్టర్" అని ఇంత లావు అక్షరాలతో రాయించాడు. మా వైపు అంతే. వైవా సాయంత్రానికి ముగుస్తుందనగా ఫ్లెక్సీ తెల్లారకముందే లేస్తుంది. ఆమె మాత్రం దాని కింద నుంచి తల వంచుకుని లోపలికి నడిచిపోయింది. ఏం చేయబోతుందో నాకు చెప్పలేదు. సారుకూ చెప్పలేదు.

పరీక్షకుడు కోస్తా వైపు నుంచి వచ్చిన పెద్దాయన. సన్నగా, పొడుగ్గా, మాట మాటకూ మధ్య కొంచెం ఆగుతూ మాట్లాడేవాడు. "కానివ్వండమ్మా, కంగారు పడకండి" అన్నాడు. మొదటి అధ్యాయాలు ఆమె గడగడా చెప్పింది. నాలుగో అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి ఆగింది. తెర మీద తను రాసిన పొట్టి సమీకరణం ఉంది. దాన్ని చూసింది, హాలు వెనక కుర్చీలో మెడ బిగించుకుని కూర్చున్న వాళ్ళమ్మను చూసింది.

"సార్, ఈ అధ్యాయంలో నేను రాసిన ముగింపు తప్పు" అంది.

హెడ్డుగారు కళ్ళు మూసుకున్నారు.

"ఎక్కడమ్మా తప్పు?" అన్నాడు పెద్దాయన.

"లోపలికి పోయేది కాలంతో మారుతాదని ప్రోగ్రాముకు చెప్పలేదు సార్. అది ఆ డెరివేటివ్‌లన్నీ సున్నా చేసింది. నేను చూసుకోలేదు. తప్పు నాదే."

అప్పుడు హెడ్డుగారు కుర్చీలోంచి లేచారు. లేస్తూ కండువా కిందపడినా చూసుకోలేదు. "ఆమె చూసుకోలేదనడం న్యాయం కాదండీ" అన్నారు. "చూడొద్దన్నది నేను. ఆ వరసలు నావి. సిమెంటు కిల్న్ కోసం రాసుకున్నవి. మనుషులకు సరిపోతాయా లేదా అని నేను ఆలోచించలేదు. నా మీద గౌరవంతో ఆమె కూడా అడగలేదు." అని కూర్చుని, చేతిరుమాలుతో మొహం తుడుచుకున్నారు. నిండు హాలులో, తన శిష్యులందరి ముందు ఆ మాట అన్న ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజు రెండింతలైంది.

పెద్దాయన సుద్దముక్క తెప్పించాడు. "పెద్ద లెక్క వద్దు. రక్తం ఒక గది, ఎముక ఒక గది అనుకోండి. చేత్తో చేసి చూపించండి" అన్నాడు. ఆమె బోర్డు మీద మొదలుపెట్టింది. ఎముక రాశిని తొలగించాలంటే ఒక సమీకరణాన్ని మళ్ళీ అవకలనం చేయాలి. అలా చేయగానే యూ డెరివేటివ్ బోర్డు మీద ప్రత్యక్షమైంది. దాని చుట్టూ ఆమె ఒక గుండ్రం గీసింది. "పోయింది ఇదే సార్" అంది. తర్వాత స్థిరాంకాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి విడదీసి చూపించింది.

"దీన్ని ఎవరు పట్టుకున్నారు?" అన్నాడాయన.

"మా మేడం, సార్. నీళ్ళు తాగుతా అడిగినారు" అని నా వైపు చూపించింది. హాలులో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, ఇక గట్టెక్కినట్టేనని.

పెద్దాయన పుస్తకం మూసి దాని మీద అరచెయ్యి ఆనించాడు. "చాలా బాగా చేశారమ్మా. కానీ ఈ పుస్తకం మీద ఇవాళ నేను సంతకం పెట్టలేను. ఇందులో ఉన్నది తప్పని మీరే అన్నారు. బోర్డు మీద ఉన్నది ఇందులో లేదు. ఆ అధ్యాయం మళ్ళీ రాసి పంపండి. నేనే మళ్ళీ వస్తాను."

నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. వరండాలో ఆయనకు అడ్డం పడ్డాను. "ఏం సార్, నోరు మూసుకుని ఉండుంటే ఈపాటికి పాసయ్యేది కదా. నిజం చెప్పినందుకా ఈ శిక్ష? ఆ పిల్లకు ఇంటర్వ్యూ ఉండాది, తెలుసునా మీకు?" అన్నాను.

"తెలియదమ్మా" అన్నాడు. "తెలిసినా ఇదే చెప్పేవాణ్ణి. చెప్పడం ఇంకా కష్టమయ్యేది, అంతే. రేపు ఎవరో డాక్టరు ఈ పుస్తకం తీసి, సాధ్యం కాదట అని పక్కన పెట్టేస్తే? ఆ తప్పు ఆమె పేరు మీదే కదండీ."

ఆయన చెప్పింది న్యాయమే. అందుకే నా కోపం ఇంకా పెరిగింది. మిఠాయి కూడా తినకుండా గేటు దగ్గరికి పోయాను.

అక్కడ భర్త కుర్చీ వేసుకుని ఫ్లెక్సీ తాళ్ళు విప్పుతున్నాడు. ఏమని ఓదార్చాలా అని నేను తడుముకుంటుంటే అతనే మాట్లాడాడు. "చింపలేదు మేడం, జాగ్రత్తగా మడిచి పెడతా. మళ్ళా పనికొస్తాది. తేదీ ఒక్కటి మార్పించాల, అంతే." అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అయినా భార్య రాగానే, "ఏమే, ఆకలైతాందా? పా, అన్నం తిందాం" అన్నాడు తప్ప ఇంకో మాట అనలేదు. అలాంటి మొగుణ్ణి చూస్తే నాకు మాత్రం దండం పెట్టాలనిపించింది.

ఇంటర్వ్యూ ఆమె లేకుండానే జరిగిపోయింది. ఆ పోస్టు ఎవరికో వచ్చింది. ఆమె అధ్యాయం తిరగరాసింది. పెద్దాయన మాట ప్రకారం తనే మళ్ళీ వచ్చాడు, సంతకం పెట్టాడు, ఈసారి నేను మిఠాయి తిన్నాను. డిగ్రీ వచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. ఇప్పటికీ నందికొట్కూరులో కాంట్రాక్టు మీదే ఉంది. నిజం చెప్తే చివరికి అంతా మంచే జరుగుతుందని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. ఆమెకు రావాల్సింది రాలేదు, దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

హెడ్డుగారు మాత్రం ఫైలు పంచడం మానలేదు. మొదటి వరసలు ఖాళీ చేసి పంచారు. "మీ లెక్కలో ఏది మారుతుందో మీరే రాసి తెచ్చి నాకు చూపించండి" అనేవారు. కొత్త పిల్లలు బిక్కమొహం వేసుకుని నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు. తిట్టి పంపేదాన్ని, వాళ్ళే రాసుకునేవాళ్ళు.

ఆ తర్వాత ఒక ఎండాకాలంలో ఒక ప్రభుత్వ డాక్టరు ఆ అమ్మాయి రాసింది చదివి, రక్తం తీయించి పరీక్షిద్దామని ముందుకొచ్చాడు. ఎండల్లో కొన్నిసార్లు, చలికాలంలో కొన్నిసార్లు. వాళ్ళ ఊరి బడిలోనే మొదలుపెట్టారు. నేను రిటైరై ఇంట్లో ఖాళీగా ఉన్నాను కాబట్టి, తోడు రమ్మంటే పోయాను. మొదట కూర్చోబెట్టింది వాళ్ళమ్మనే. నర్సు దూది తడుపుతుంటే ఆ ముసలామె కూతురి వైపు తిరిగింది. మెడ రాదు కాబట్టి మనిషంతా తిరిగింది.

"ఇప్పుడు నాకు తెలిసి ఏం జేసుకుంటానే? పోయేదాన్ని. ఈ సూదులేవో పిల్లదానికి చూడండి" అంది. పిల్లదంటే మనవరాలు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది.

కూతురు ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "దానికీ చూస్తాంమా. కానీ నీది తెలిస్తేనే దానికి ముందు ముందు ఎట్లైతాదో తెలిసేది. నీకు నేను ఏం మేలూ చెయ్యలేనుమా. దానికి చెయ్యొచ్చు."

ముసలామె మనవరాలిని చూసింది.

"అట్లయితే తీసుకో. ఎంత కావల్నో అంత తీసుకో" అంది. నర్సు అడిగింది ఒక్క చెయ్యే. ఆమె రెండో చెయ్యి కూడా, వచ్చినంత వరకు చాపింది.